చివర్లో కొట్టిన క్లాప్

నేను పగ మర్చిపోయే మనిషిని కాను. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. మా ఊరి ఆడవాళ్ళు ఆదివారం చర్చిలో మోకాళ్ళ మీద కూర్చుని అందరినీ క్షమించేస్తారు, బయటికొచ్చి మెట్లు దిగేలోపే మళ్ళీ మొదలెడతారు. అంత శ్రమ నాకెందుకని నేను అసలు క్షమించడమే మానేశాను.

1983 వేసవిలో, మొదటి గడ్డికోత అయిన వారానికి, మా తమ్ముడు రెమీ ఇరవై ఒక్క ఏళ్ళ తర్వాత ఇంటికొచ్చాడు. రెండు వ్యాన్లు, ఒక కెమెరా, ఆరుగురు మనుషులతో దిగాడు. అప్పటికే ఐదు సినిమాలు తీసినవాడు. పత్రికల్లో ఫొటోలు, ఒక పెద్ద సినిమా పండగలో బహుమతి, ఇవన్నీ ఉన్నాయి. అయినా వంటింటి గుమ్మం దగ్గర పందొమ్మిదేళ్ళ కుర్రాడిలాగే బూట్లు విప్పి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"లోపలికి రావచ్చా అక్కా?" అన్నాడు.

"బూట్లు వేసుకుని రా. నువ్వు కడిగే నేల కాదుగా," అన్నాను. ఆ తర్వాత ఇద్దరం ఏడ్చాం. అది మీకు అక్కర్లేదు.

అతని వెనకాల పొడుగ్గా, నెరిసిన గడ్డంతో సిల్వాన్ నిలబడ్డాడు. అతను కెమెరామన్. పదకొండేళ్ళుగా రెమీతో ఒకే ఇంట్లో ఉంటున్న మనిషి. అటక గదిలో పెద్ద మంచం వేసి, మా అమ్మ పెళ్ళినాటి దుప్పటి పరిచాను. మర్నాడు రొట్టెల దుకాణంలో దుకాణందారు పెళ్ళాం గొంతు తగ్గించి అడిగింది.

"పైన ఎన్ని పడకలు వేశావు ఒడిల్?"

"ఒకటే. కుళ్ళుకుంటున్నావా?"

ఆ తర్వాత వేసవంతా నాకు మాడిన రొట్టే ఇచ్చింది.

ఇప్పుడు పాత సంగతి నాలుగు ముక్కల్లో చెప్తాను. 1962లో రెమీకి పందొమ్మిది. ఊరి బడిలో పంతులు ఎమిలియన్‌కి ఇరవై ఆరు. ఇద్దరూ ఒకరంటే ఒకరు ప్రాణంగా ఉన్నారు. ఆ సంగతి మా నాన్నకి తెలిసిన రోజు వాకిట్లో, పది మంది చూస్తుండగా, రెమీని బెల్టుతో కొట్టాడు. మూడో రోజున పోలీసులకి సంతకం లేని ఉత్తరం అందింది. అప్పట్లో ఇరవై ఒకటి నిండని మగపిల్లవాడితో మగవాడు ఉంటే జైలే. ఎమిలియన్‌కి పది నెలలు వేశారు, ఉద్యోగం పోయింది. తిరిగొచ్చిన చలికాలంలో మంచు కట్టిన సరస్సు మీద నడుచుకుంటూ వెళ్ళాడు. మంచు పల్చగా ఉన్న చోటు ఊళ్ళో అందరికీ తెలుసు, అతనికీ తెలుసు.

ఉత్తరం రాసింది మా నాన్నే అని ఊరు తేల్చేసింది. నేనూ తేల్చేశాను. ఆయన్ని ఒక్కరూ అడగలేదు.

ఆ రోజు నుంచి నేను మా నాన్నతో మాట్లాడలేదు. మా బల్ల మీద అందరికీ పూల పింగాణీ గిన్నెలు ఉండేవి. గడ్డికోతకి వచ్చే కూలీలకని ఒక రేకు గిన్నె ఉండేది. అది తీసి, తలుపు పక్కన బల్ల చివర పెట్టి, ఆయనకి అందులో సూప్ పోసేదాన్ని. తొమ్మిదేళ్ళు, పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం. ఆయన వచ్చి, టోపీ తీసి, తాగి, గిన్నె కడిగి బోర్లించి వెళ్ళిపోయేవాడు. ఒక్కసారి కూడా పైన అరలో ఉన్న పింగాణీ వైపు చూడలేదు. పోయే ముందు ఆసుపత్రిలో మాత్రం, "సూప్ బాగుండేది ఒడిల్," అన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. నా కోపం అంత గట్టిది, నాకు దాని మీద గర్వం కూడా ఉండేది.

బల్లకి ఇటు చివర, పూల గిన్నెలో, నా మొగుడు జిల్బేర్ ఆ తొమ్మిదేళ్ళూ సుబ్బరంగా తిన్నాడు.

జిల్బేర్ మా ఇంటికి అల్లుడుగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. రెమీ వెళ్ళిపోయాక నలభై ఆవులూ, పొలమూ అతని చేతికే వచ్చాయి. ఊరి పాలన్నీ పోగుచేసి చీజ్ చేసే సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఆ మార్చి ఎన్నికల్లో మేయర్ కూడా అయ్యాడు. మేయర్లు వేసుకునే మూడు రంగుల పట్టీ భుజాన వేసుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరగడం నేను చూశాను. ఇంట్లో సినిమా తీస్తారంటే వద్దంటాడనుకున్నాను.

"ఎందుకొద్దంటాను? ఊరి పేరు పత్రికలో పడుతుంది," అన్నాడు. తర్వాత రెమీని అడిగాడు, "కథేంటి బావమరిదీ?"

"మన కథే. పంతులు, ఉత్తరం, నాన్న."

జిల్బేర్ వైన్ గ్లాసు నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు. "అంటే, ఉత్తరం మామగారు రాసినట్టు చూపిస్తావన్నమాట."

"మరి రాసింది ఆయనేగా."

"అవుననుకో. పోయినవాళ్ళని అనకూడదు కానీ, నిజం నిజమే."

"నాన్న వేషం నువ్వే వెయ్యి బావా. నీకు ఆ భుజాలున్నాయి."

మా ఆయన మొహం వెలిగిపోయింది. మా అమ్మ వేషం నాకిచ్చారు. బట్టలు కొత్తగా కుట్టించక్కర్లేదు, అమ్మ పోయినా ఆమె ఆప్రన్ ఇంకా మేకుకే వేలాడుతోంది.

ఆ రోజు పాలు పితికే వేళకి రెమీ నా పక్కన పీట మీద కూర్చున్నాడు. ఆ ఉత్తరం ఎలా ఉంటుందో మొదటిసారి నాకు చెప్పాడు. జడ్జి గదిలో అతనికి ఒక్కసారి చూపించారట.

"ఊదా పెన్సిల్‌తో రాసుందక్కా. అక్షరాలు తాగినవాడిలా అటూ ఇటూ పడిపోతున్నాయి. కోపంతో నాన్న చెయ్యి వణికిందనుకున్నాను."

పాలు కొలిచే చోట వాడే ఊదా పెన్సిల్ అది. కొసని నాలుకతో తడిపి రాస్తే సిరాలా పడుతుంది, ఇక చెరగదు. మా ఊళ్ళో ప్రతి పాడి ఇంట్లో ఒకటి ఉండేది. కాబట్టి ఆ మాట విని నేనేమీ అనుకోలేదు.

షూటింగ్ మొదలైంది. జినెత్ అని ఒక యాభై ఏళ్ళ మనిషి, నోట్లో ఎప్పుడూ ఆరిపోయిన సిగరెట్టు, నలుపు తెలుపు పలక తెచ్చి కెమెరా ముందు ఠప్పున క్లాప్ కొట్టేది. మొదటి రోజే మా ఆయన సంగతి తేలిపోయింది. క్లాప్ పడేదాకా నోరు మూయడు, జినెత్‌ని ఆటపట్టిస్తాడు, అచ్చం మా ఊరి మనిషి. క్లాప్ పడగానే మేకు దిగ్గొట్టినట్టు బిగుసుకుపోతాడు. రొట్టె కొయ్యమంటే రొట్టెకి శాలువా కప్పి సన్మానం చేస్తున్నట్టు కోస్తాడు.

రెండో రోజు నుంచి క్లాప్ ముందు కొట్టడం మానేశారు. రెమీ వచ్చి, "లైట్లు సర్దాలి బావా, పది నిమిషాలు మీ ఇద్దరూ ఇలాగే కూర్చోండి," అని అందరినీ తీసుకుని బయటికి పోయేవాడు. కెమెరా పక్కగది గుమ్మంలో మూడు కాళ్ళ మీద ఉండేది. చప్పుడు వినపడకుండా దానికి బొంత కప్పేవాళ్ళు, ముందర కన్ను మాత్రం బయటికి. జిల్బేర్ దాన్ని చూసి, "చలి చేసిందా దానికి? మా దూడకి కూడా ఇంత మర్యాద లేదు," అనేవాడు. పది నిమిషాల తర్వాత జినెత్ వచ్చి, పలక తలకిందులుగా పట్టుకుని క్లాప్ కొట్టేది. అప్పుడు మా ఆయన గొంతు సవరించుకుని, బిగుసుకుపోయి, అద్భుతంగా నటించేవాడు. రెమీ, "భలే బావా," అనేవాడు.

నాకు అనుమానమొచ్చి జినెత్‌ని పట్టుకున్నాను.

"పలక తలకిందులుగా ఎందుకు కొడుతున్నావు?"

"క్లాప్ ఉన్నది బొమ్మకీ శబ్దానికీ జత కుదర్చడానికమ్మా. ముందు కొడితే ఏంటి, చివర కొడితే ఏంటి? చివరిదైతే తలకిందులు పెడతాం, రీళ్ళు అతికించేవాళ్ళకి తెలుస్తుందని."

"అయితే అంతకుముందు పది నిమిషాలూ..."

"పదకొండు. ఒక రీలు పదకొండు నిమిషాలు తిరుగుతుంది. రెమీ పద్ధతే అంత. కొత్తవాళ్ళతో ఎప్పుడూ ఇలాగే తీస్తాడు."

"మరి మా ఆయన తర్వాత నటించేది?"

జినెత్ సిగరెట్టు ఇటు నుంచి అటు మార్చింది. "అప్పుడు కెమెరా ఆపేసి ఉంటుంది. ఆయనకి చెప్పకండి, ఎంత కష్టపడి చేస్తున్నాడో పాపం."

నాకు నవ్వాగలేదు. చెప్పలేదు కూడా. ఇరవై మూడేళ్ళ కాపురంలో మొగుడి గురించి అతనికి తెలియని సంగతి ఒకటి నా దగ్గర ఉండటం బాగానే అనిపించింది.

ఉత్తరం రాసే ఘట్టం జూలై చివర్లో పెట్టారు. రోజూ లాగే మధ్యాహ్నం వెలుతురు కిటికీలోంచి బల్ల మీద పడే వేళ. నేను పొయ్యి దగ్గర సూప్ కలుపుతున్నాను. జిల్బేర్ బల్ల దగ్గర కూర్చున్నాడు. జినెత్ అతని ముందు కాగితం, సిరా కలం పెట్టింది. రెమీ, "లైట్లు ఆరిపోయాయి బావా, ఓ పది నిమిషాలు," అన్నాడు. అందరూ వెళ్ళారు. బొంత కింద కెమెరా ఒంటి కన్నుతో చూస్తోంది. నేను గోడ గడియారం వైపు చూశాను. మూడూ పది.

జిల్బేర్ కలం తీసి తిప్పి చూశాడు. "ఇదేంటి, పెళ్ళి శుభలేఖ రాస్తున్నామా?" అని పక్కకి తోసేశాడు. జేబులోంచి ఊదా పెన్సిల్ తీశాడు. కొసని నాలుకకి తాకించాడు. ఆ తర్వాత దాన్ని కుడి చేతిలోంచి ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు.

నా గరిటె ఆగింది.

"ఎడం చేత్తో ఎందుకు?" అన్నాను.

"ఇలాంటివి ఎవడైనా కుడి చేత్తో రాస్తాడా పిచ్చిదానా? దస్తూరీ తెలిసిపోదూ?"

తాగినవాడిలా పడిపోయే ఆ అక్షరాలు ఎడం చేతివన్నమాట. మా నాన్న ఎడమ చేతికి మూడు వేళ్ళు లేవు. నాకు ఏడేళ్ళప్పుడు గడ్డి కోసే యంత్రంలో పోయాయి. ఆ చేత్తో ఆయన చెంచా కూడా పట్టుకోలేకపోయేవాడు. తొమ్మిదేళ్ళు నా కళ్ళెదుట ఒక్క చేత్తో రేకు గిన్నె కడుక్కున్నాడు.

నాకు అరవాలనిపించింది. వేడి సూప్ ఎత్తి అతని నెత్తిన పొయ్యాలనిపించింది. కానీ అలా చేస్తే కాలిన నెత్తి తప్ప ఇంకేమీ మిగలదు. మూడూ పదమూడు అయింది. నా మొగుణ్ణి నాకు తెలుసు. అడిగితే చెప్పడు. తీసిపారేస్తే మాత్రం ఆగలేడు.

"నీ మొహం, నువ్వేం నాన్న వేషం వేస్తావు?" అన్నాను గరిటె తిప్పుతూ. "ఆ ఉత్తరం రాయడానికి గుండె కావాలి. కన్నకొడుకు మీద రాశాడు. మంచో చెడో, ఆ పని చేసిన మొగాడు ఆయన. నువ్వు సంఘంలో పాలు పుల్లగా ఉన్నాయని కూడా ఎవరి మొహమ్మీదా అనలేవు."

"నోరు ముయ్యి, సూప్ మాడుతుంది."

"ఉన్నమాటే అంటున్నాను. రెమీ కూడా అనుకుంటున్నాడు, బావకి ఆ కళ రావట్లేదని."

"ఏం కళ?"

"తెగించిన మనిషి కళ. మా నాన్నకుండేది."

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఊదా మరక పెదవి మీద తడిగా మెరుస్తోంది. ఒకసారి తలుపు వైపు చూశాడు, ఎవరూ లేరు. బొంత కప్పిన కెమెరా వైపు చూశాడు. క్లాప్ ఇంకా పడలేదు కదా.

"మీ నాన్నా!" అన్నాడు. "మీ నాన్నకి కోడిని కొయ్యాలన్నా పక్కింటివాణ్ణి పిలవాలి. బెల్టు తీసి నాలుగు వాయించి, గడ్డికొట్టంలోకి పోయి ఏడ్చాడు, నేను చూశాను. ఆయన రాస్తాడా? నేను రాశాను. ఇదే బల్ల మీద, ఇదే చేత్తో. ఆ రోజు నేను రాయకపోతే ఈ ఇల్లు ఏమయ్యేది? నీ తమ్ముడూ, ఆ పంతులూ మన గడ్డి మీద దొర్లుతుండేవాళ్ళు. నలభై ఆవులు వాళ్ళ పాలయ్యేవి. నేను కాపాడాను నిన్ను. ఇంతకాలం చెప్పుకోలేదు, అది నా మంచితనం."

సూప్ నిజంగానే అడుగంటుతోంది. నేను కుండ దించలేదు.

"నాన్నకి తెలుసా?" అన్నాను.

"మర్నాడు పాలు పోసే చోట నా ఎడమ బొటనవేలు చూశాడు. ఊదా మరక. ముసలాడు తెలివైనవాడే. పక్కకి పిలిచి ఏమన్నాడో తెలుసా? 'ఒడిల్‌కి చెప్పకు. అది నీతో బతకాలి,' అన్నాడు. అంతే. మళ్ళీ ఎత్తలేదు. తప్పెవరిదో ఆయనకే తెలుసన్నమాట, లేకపోతే ఎందుకూరుకుంటాడు?"

అడగడానికేమీ మిగల్లేదు. వంటింట్లో మాడు వాసన నిండింది. మూడూ ఇరవైకి జినెత్ తలుపు తోసుకుని వచ్చింది. నోట్లో సిగరెట్టు లేదు. పలక తలకిందులుగా పట్టుకుంది. ఠప్పున కొట్టింది.

"హమ్మయ్య, మొదలెడదామా?" అన్నాడు జిల్బేర్, కాలరు సర్దుకుంటూ.

గుమ్మంలో రెమీ నిలబడ్డాడు. శబ్దం పట్టే మనిషి, వంటింట్లో దాచిన మైకు మాటలు వింటూ, కొట్టంలో చెవులకి యంత్రం తగిలించుకుని కూర్చుంటాడు. రెండో జత రెమీ చెవులకి ఉంటుంది. అంతా విన్నాడు.

"కానియ్యి బావా," అన్నాడు.

జిల్బేర్ బిగుసుకున్నాడు. కనుబొమలు ముడిచాడు. కుడి చేత్తో సిరా కలం తీసుకుని, పైకెత్తి, నిట్టూర్చి, ఒక గొప్ప పాపాత్ముడిలా ఖాళీ కెమెరా ముందు ఉత్తరం రాశాడు. చివర్లో కన్నీళ్ళు కూడా తెచ్చుకున్నాడు. మేమందరం నిలబడి చూశాం.

రెమీని కొట్టంలో పట్టుకున్నాను. గడ్డి మీద కూర్చుని ఉన్నాడు, సిల్వాన్ అతని వీపు మీద చెయ్యి వేసి ఉన్నాడు. నన్ను చూసి సిల్వాన్ లేవబోతే కూర్చోమన్నాను.

"ఐదు సినిమాలు తీశానక్కా," అన్నాడు రెమీ. "ఒకదాంట్లో కసాయివాడు, ఒకదాంట్లో సైన్యంలో కర్నలు, ఒకదాంట్లో జడ్జి. అన్నిట్లోనూ తండ్రే. అన్నిట్లోనూ నాన్న మీసమే. ఐదుసార్లు ఆయన్ని చంపాను. చప్పట్లు కొట్టారు."

ఆ సినిమాలు నేను చూశాను. జిల్బేర్‌కి చెప్పకుండా బస్సెక్కి బెజాన్సోఁ పట్నం వెళ్ళి, మధ్యాహ్నం ఆట చూసి, పాలు పితికే వేళకి తిరిగొచ్చేదాన్ని. తండ్రి చచ్చిన ప్రతిసారీ చీకట్లో నాకు తృప్తిగా ఉండేది.

"నువ్వు ఐదుసార్లే చంపావు. నేను రోజుకి మూడుసార్లు," అన్నాను.

కింద ఆవుల గంటలు వినిపిస్తున్నాయి.

"ఈ రీలు తగలబెట్టేస్తాను," అన్నాడు రెమీ. "సినిమా ఆపేస్తాను."

"ఆపవు. ఆఖరి రోజున ఊరివాళ్ళకి తీసినవి చూపించడం నీ ఆనవాయితీట కదా, జినెత్ చెప్పింది. చూపించు. దీన్ని చివర వెయ్యి."

"అక్కా, అది చాటుగా తీసింది. దాన్ని పదిమందిలో వేస్తే మనమూ ఉత్తరం రాసినట్టే. వాడికీ మనకీ తేడా ఏముంది?"

"వాడిది సంతకం లేని ఉత్తరం," అన్నాను. "దీని మీద నేను సంతకం పెడతాను."

రెమీ సిల్వాన్ వైపు చూశాడు. సిల్వాన్ మెల్లగా అన్నాడు, "ఆ పంతులు తల్లి ఇంకా బతికే ఉంది రెమీ. ఆమెకి హక్కుంది."

ఆ తర్వాత ఐదు వారాలు నేను జిల్బేర్‌కి వండిపెట్టాను, చొక్కాలు ఇస్త్రీ చేశాను, నవ్వుతూ మాట్లాడాను. ఎలా చెయ్యగలిగావని రెమీ తర్వాత అడిగాడు. చాలా తేలిక. మాట్లాడకుండా పగ పట్టడం తొమ్మిదేళ్ళు నేర్చుకున్నదాన్ని, మాట్లాడుతూ పట్టడానికి ఐదు వారాలు ఎంత? పైగా మా ఆయనే నాకు పని తగ్గించాడు. ఆఖరి రోజు ఆట పంచాయతీ హాల్లో పెట్టించాడు. పత్రికవాణ్ణి పిలిచాడు. చీజ్ సంఘం వాళ్ళందరికీ ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. అన్నిటికంటే పెద్ద ఘనకార్యం, ఎమిలియన్ తల్లి క్లెమాన్స్‌ని తన కారులో స్వయంగా తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టడం. ఎనభై దాటిన మనిషి. ఇరవై ఒక్క ఏళ్ళుగా నేను ఎదురొస్తే రోడ్డు దాటి అటు పక్కకి పోయే మనిషి.

సెప్టెంబర్ మొదటి ఆదివారం, మధ్యాహ్నం. కిటికీల తలుపులు మూసేశారు. జిల్బేర్ మూడు రంగుల పట్టీ వేసుకుని తెర ముందు నిలబడ్డాడు.

"మన ఊరికి ఒక పాత గాయం ఉంది," అన్నాడు. "తప్పు చేసినవారు ఇప్పుడు మన మధ్య లేరు. పోయినవాళ్ళని క్షమించే పెద్దమనసు మనకుండాలి." చప్పట్లు కొట్టారు. వచ్చి నా పక్కన కూర్చుని, "ఎలా మాట్లాడాను?" అన్నాడు. బాగా మాట్లాడావన్నాను.

మొదట ఆవులు, గడ్డికోత, రొట్టెల దుకాణం వచ్చాయి. తెర మీద ఎవరి మొహం వాళ్ళు చూసుకుని హాలంతా నవ్వులు. తర్వాత మా వంటిల్లు వచ్చింది. జిల్బేర్ కలం పక్కకి తోసి, శుభలేఖ మాట అనగానే జనం గొల్లుమన్నారు. అతనూ నవ్వాడు, నా మోచేతిని పొడిచాడు.

"ఇది రిహార్సల్ కదే, ఇదెందుకు వేశాడు?"

తెర మీద పెన్సిల్ ఎడమ చేతిలోకి మారింది. నా పక్కన అతని ఊపిరి ఆగడం నాకు తెలిసింది. లేచాడు. "ఆపు! ఆపండి దాన్ని!" అని తెర వైపు పరుగెత్తాడు. యంత్రం వెలుగు మొత్తం అతని మీద పడింది. తెల్ల చొక్కా వీపు మీద అతని మొహమే పెద్దగా కదులుతోంది, ఊదా మరకతో, 'నేను రాశాను, ఇదే బల్ల మీద, ఇదే చేత్తో' అని. ముందు వరసలోంచి సంఘంలో పాలు కొలిచే ముసలాయన లేచి, అతని భుజం పట్టుకుని పక్కకి జరిపాడు.

"అడ్డం తప్పుకో జిల్బేర్. వింటున్నాం," అన్నాడు.

చివరిదాకా విన్నారు. నాన్న అన్న మాట కూడా విన్నారు. తెర మీద జినెత్ చెయ్యి వచ్చింది, తలకిందుల పలక, ఠప్పున క్లాప్. తర్వాత ఉత్త తెల్లటి వెలుగు. ఎవరో కిటికీ తెరిచారు.

నేను లేచి నిలబడ్డాను.

"ఈ రీలు వెయ్యమన్నది నేను," అన్నాను. "నా తమ్ముడు కాదు. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి. ఒడిల్. బెర్నార్ కూతుర్ని."

నేనెంతో కాలంగా నాన్న పేరు పలకలేదు. జిల్బేర్ పక్క తలుపులోంచి బయటికి పోయాడు, పట్టీ ఇంకా భుజాన ఉంది. జనం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా లేచారు. క్లెమాన్స్ మాత్రం కదల్లేదు. నేను ఆమె దగ్గరికి వెళ్ళాను. రెమీ అప్పటికే ఆమె ముందు నేల మీద కూర్చుని ఉన్నాడు, ఆమె చెయ్యి అతని జుట్టులో ఉంది. ఆమె నావైపు తలెత్తి చూసింది.

"ప్రతి ఆదివారం మా వాడి దగ్గరికి పోతూ, మీ నాన్న సమాధి మీద ఉమ్మేదాన్ని," అంది. "ఈ పొద్దున కూడా. ఇప్పుడేం చెయ్యమంటావమ్మా?"

అది నాకే తెలిస్తే ముందు నేనే చేసేదాన్ని.

ఇంటికి వచ్చేసరికి జిల్బేర్ వంటింట్లో ఉన్నాడు. తలుపు పక్కన, బల్ల చివర, నాన్న చోటులో కూర్చున్నాడు. తనకి తానే అక్కడికి వెళ్ళి కూర్చున్నాడు. రేకు గిన్నె అరలోంచి తీసి ముందు పెట్టుకున్నాడు కూడా.

"పొయ్యి," అన్నాడు తల వంచుకుని. "నీ కసి నాకు తెలుసుగా. ఎన్నేళ్ళు పోస్తావో పొయ్యి. తాగుతాను."

ఐదు వారాలు నేను సరిగ్గా ఇదే అనుకున్నాను. పొయ్యి దగ్గర నిలబడి, అతన్ని ఆ మూల కూర్చోబెట్టి, చచ్చేదాకా ఆ గిన్నెలో పోస్తానని కలలు కన్నాను. తీరా చూస్తే అతను అప్పుడే అందులో కుదురుకున్నాడు. రోజుకి మూడుసార్లు సూప్, నెత్తి మీద కప్పు, ఇంకో తొమ్మిదేళ్ళ తర్వాత ఊళ్ళో పాపం అనే జనం.

నేను వెళ్ళి గిన్నె అతని ముందు నుంచి తీసేశాను.

"ఇది మా నాన్నది," అన్నాను. "నీ ఎంగిలి పడటానికి వీల్లేదు. లే."

సాయంత్రం ఆవులు ఇంటికొచ్చే వేళకి అతను ఒక సంచీతో పోంతార్లియే ఊళ్ళో ఉన్న తన చెల్లెలింటికి వెళ్ళిపోయాడు. ఆ వారమే మేయర్ పదవికి రాజీనామా కాగితం పంపాడు. సంతకం కుడి చేత్తో పెట్టాడట.

రెమీ సినిమా మరుసటి ఏడు వచ్చింది. అందులో తండ్రి ఎవరినీ కొట్టడు, ఉత్తరం రాసింది ఎవరో మనకి చూపించరు. రెమీ మెత్తబడ్డాడని పత్రికలవాళ్ళు విసుక్కున్నారు. ఆ పదకొండు నిమిషాల్లోంచి అతను ఉంచుకున్నది ఆరు సెకన్లే. పొయ్యి మీద కుండ, గరిటె తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయిన నా చెయ్యి.

నేను ఆ రోజు నుంచి తలుపు పక్కన బల్ల చివరే కూర్చుంటున్నాను. రేకు గిన్నెలోనే తింటాను. రెమీ, సిల్వాన్ వేసవికి వచ్చినప్పుడు వాళ్ళకి పూల పింగాణీ పెడతాను. మొదటిసారి రెమీ చూసి, "ఎన్నాళ్ళక్కా ఇలా?" అన్నాడు.

"తొమ్మిదేళ్ళు," అన్నాను.

అవి ఎప్పుడో అయిపోయాయి. గిన్నె ఇంకా మార్చలేదు. నేను పగ మర్చిపోయే మనిషిని కానని మొదట్లోనే చెప్పాను కదా.